అన్నయ్య ఖాళీ చేసిన చోటు

రోజంతా జనం నోళ్ళు చూస్తూ కూర్చుంటావు, రోత పుట్టదా అని దవడలమ్మని అడగని మనిషి లేడు. చుట్టాలు అడుగుతారు. బస్సులో పక్క సీటావిడ అడుగుతుంది. ఇంట్లో కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబరు కూడా చేతికంటిన మురుగు కడుక్కుంటూ అదే అడిగాడు. ఆమె ఓపిగ్గానే జవాబు చెబుతుంది. పంటిమీద గార పట్టిందంటే మనిషి తిన్నాడు, బతికాడు అని గుర్తు. పుచ్చిన పన్ను పాపం నమిలి నమిలి అలిసిపోయింది. చిగుళ్ళు వాచాయంటే ఎవరికీ చెప్పకుండా ఎవరో నొప్పి ఓర్చుకుంటున్నారని అర్థం. ఇందులో రోతపడాల్సింది ఏముంది? ఆమెకి రోత పుట్టించేది వేరే ఉంది. పొద్దున్నే కంప్యూటర్ తెరవగానే అది ఎదురొస్తుంది. దాని పేరు ‘అన్నయ్య ఫోన్’ అనే ఫోల్డరు.

ఆమె పనిచేసేది పళ్ళు తయారుచేసే ల్యాబులో. కింద సైకిళ్ళ దుకాణం, పైన ల్యాబు. ఇరుకు మెట్లెక్కి తలుపు తీస్తే ముందు కాలిన మైనం వాసన, ఆ వెనకాలే సుద్దపొడి. కుర్చీల మీదా, కిటికీ అద్దాల మీదా, టీ కప్పుల అంచుల మీదా తెల్లగా పేరుకునే ఆ పొడిని తుడిచి తుడిచి అందరూ విసిగి వదిలేశారు. డాక్టర్లు రోగి నోటిని చిన్న కెమెరాతో స్కాన్ చేసి ఫైలు పంపుతారు. నోరు మరీ చిక్కుగా ఉంటే స్కానర్ పట్టుకుని దవడలమ్మే ఆస్పత్రికి వెళుతుంది. లేని పన్ను ఎలా ఉండాలో ఆమె కంప్యూటర్లో దిద్దుతుంది, మిషన్ దాన్ని పింగాణీ దిమ్మలోంచి కోస్తుంది, పింగాణీ బాబాయ్ రంగు అద్దుతాడు. ఆయన ఎవరికీ వరసకి బాబాయ్ కాదు. ల్యాబు పుట్టినప్పటినుంచీ ఉన్న ముసలాయన, అంతే. కంప్యూటర్ వచ్చిన రోజున “నా పని నా వేళ్ళకి తెలుసు, ఆ డబ్బాకేం తెలుసు” అని ఒంటికాలి మీద లేచాడు. అలా ఆ కుర్చీ దవడలమ్మకి దక్కింది.

అంతకుముందు ఆమె మైనంతో పళ్ళు చెక్కేది. ల్యాబు యజమాని ఆమె పెద్దమ్మ కొడుకు. కాలేజీ చదువు సగంలో ఆగిపోయి ఇంట్లో కూర్చున్న రోజుల్లో “ఊరికే గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటావెందుకు, వచ్చెయ్ చెల్లీ” అని పిలిచాడు. ఆ పిలుపు ఆమె మరిచిపోలేదు. మరిచిపోనివ్వకుండా అతనూ జాగ్రత్త పడ్డాడు. చెల్లెల్ని నేనే నిలబెట్టాను అని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు, ఆమె అక్కడే నిలబడి ఉండగా. ఆమె మాత్రం పళ్ళతో ప్రేమలో పడిపోయింది. పేరు చెబితే మనిషి గుర్తురాడు గానీ, ఎడమ కోరపన్ను కాస్త లోపలికి తిరిగి ఉంటుంది అంటే చాలు, “ఓ, ఆయనా!” అంటుంది. ఈ అలవాటు చూసి ఒక డాక్టరు నవ్వుతూ పెట్టిన పేరే దవడలమ్మ.

ఇక అన్నయ్య సంగతి. అన్నయ్య చెడ్డవాడు అనడానికి లేదు. చెడ్డవాళ్ళకి కాస్త ఏకాగ్రత ఉంటుంది. ఇతను తనని తాను ఫోటో తీసుకునే మనిషి. తినబోయే ముందు పళ్ళెం, తిన్నాక పళ్ళెం, కొత్త చొక్కా, ఆ చొక్కా వెనక భాగం, అద్దంలో పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడ్డ భంగిమ, కాలి బొటనవేలి గోరు డాక్టరు తీసేస్తుంటే మొదటినుంచి చివరిదాకా వీడియో. ఎవరో పంపిన శుభోదయం బొమ్మలు. వాటికి ఇతను జోడించిన పువ్వులు. పళ్ళ ల్యాబుల యజమానుల సంఘంలో ఇచ్చిన ప్రసంగాలు, ముందు ఇంట్లో చేసుకున్న రిహార్సళ్ళతో సహా.

ఇవన్నీ అతని ఫోన్లో ఉంటే ఎవరికీ బాధ లేదు. కానీ ల్యాబు ఫైళ్ళకోసం క్లౌడ్ ఖాతా తెరిచినప్పుడు అన్నయ్య గుండెమీద చెయ్యి వేసుకుని “మనదంతా ఒకే కుటుంబం, ఒకే ఖాతా” అన్నాడు. అదే ఖాతాని తన ఫోన్లోనూ పెట్టుకున్నాడు. ఫోన్ అడిగిన ప్రతి ప్రశ్నకీ చదవకుండా ‘అవును’ నొక్కుకుంటూ పోయాడు. ఇంకేముంది, అతను తీసిన ప్రతి ఫోటో, ప్రతి వీడియో పైకెళ్ళి, అక్కణ్ణించి వాననీళ్ళు చూరులోంచి దిగినట్టు దవడలమ్మ కంప్యూటర్లోకి దిగడం మొదలైంది. పొద్దున్న ఒక ముసలమ్మ పై దవడ ఫైలు తెరుద్దామని చూస్తే, దాని పక్కనే బొటనవేలు. చీమూ నెత్తురూ ఉన్న నోళ్ళు చూసి టీ తాగగల మనిషి, ఆ బొటనవేలు చూసి కప్పు పక్కన పెట్టేసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. అన్నయ్యకి ఒక భయం పట్టుకుంది, తన ప్రసంగాలు ఎక్కడ పోతాయోనని. అందుకని అదే ఫోల్డర్లో ‘భద్రం’ అని ఒకటి పెట్టి ప్రసంగాలన్నీ కాపీ చేశాడు. కొన్నాళ్ళకి దానిమీదా నమ్మకం పోయి ‘భద్రం కొత్తది’. తర్వాత ‘భద్రం అసలుది’. ఒకే మనిషి, ఒకే సూటు, ఒకే దగ్గు, నాలుగు చోట్ల. డిస్కు నిండిపోయింది. మూలన ఎర్రగీత వచ్చింది.

“అన్నయ్యా, నీ ఫోన్ ఈ ఖాతాలోంచి తీసెయ్. చోటు చాలట్లేదు” అంది దవడలమ్మ.

“క్లౌడ్ అంటే ఆకాశం కదే. ఆకాశంలో చోటు లేకపోవడమేంటి?”

“ఆకాశంలో ఉన్నదంతా ఈ డబ్బాలోకి కూడా దిగుతోంది. ఇక్కడ చోటు లేదు.”

“పాత కేసులు పీకిపారెయ్ మరి. పళ్ళు కట్టి పంపించేశాక ఇంకెందుకవి, మ్యూజియం పెడతావా?”

ఇది అతనికి వెన్నతో పెట్టిన విద్య. వెనకటికి సుద్దతో పోసిన దవడల అచ్చులు ఒక గదినిండా పెట్టెల్లో ఉండేవి. కంప్యూటర్ వచ్చిన ఏడాదే వాటిని లారీకెత్తించి, ఆ గదిలో సోఫా వేసి, గోడకి తన ఫోటో పెట్టించుకున్నాడు. బాబాయ్ ఆ రోజు అన్నం తినలేదు.

పాత కేసులు తీయనని దవడలమ్మ మొండికేసింది. ఆమె మొండితనానికి కారణం ఒక మనిషి. హోల్‌సేల్ కూరగాయల మార్కెట్లో వేలం పాడే మనిషి. తెల్లారకముందే బుట్టలమీద బుట్టలు పేర్చిన షెడ్డులో నిలబడి గొంతెత్తితే వీధి చివరన ఉన్న లారీ డ్రైవర్లు కూడా లేచి కూర్చుంటారట. ఆయన కింది దవడలో కుడి పక్క పుండు లేచింది. అది రాచపుండని తేలింది. ఆ సగం దవడ తీసేయాలన్నారు. తీసేముందు పళ్ళు ఉన్నవి ఉన్నట్టు స్కాన్ చేసి దాచమని, గాయం మానాక అదే తీరులో దవడ కట్టిద్దామని డాక్టరు దవడలమ్మని పిలిచాడు. పై పళ్ళూ కింది పళ్ళూ ఎక్కడ కలుస్తాయో, నాలుక ఏ పన్నుకి తగిలి ఏ మాట పలుకుతుందో, అదంతా ఆ ఫైల్లోనే ఉంటుంది. దవడ తీసేశాక మళ్ళీ కొలుద్దామంటే కొలవడానికి అక్కడ ఏమీ మిగలదు.

స్కాన్ అయ్యాక ఆయన భార్యతో కలిసి ల్యాబు చూడ్డానికి వచ్చాడు. తెరమీద తన పళ్ళు తిరుగుతుంటే చంటిపిల్లాడిలా చూశాడు.

“ఇవి నా అన్నం గిన్నె తల్లీ. పాట సాగాలంటే ఇవే కావాలి, ఇంకోటి పనికిరాదు. దాచిపెడతావుగా?”

“నా దగ్గర భద్రంగా ఉంటాయండీ” అంది దవడలమ్మ. అన్నయ్య అప్పుడు కూడా ఫోన్ పైకెత్తి ఏదో తీసుకుంటూనే ఉన్నాడు.

అందుకే ఆమె ఒక ఉపాయం చేసింది. పాత కేసులన్నిటినీ క్లౌడ్లోనే ఉంచి, కంప్యూటర్లో వాటి పేర్లు మాత్రం కనబడేట్టు మార్చింది. పేరు పక్కన చిన్న మబ్బు గుర్తు ఉంటుంది. నొక్కితే పైనుంచి ఫైలు దిగుతుంది. అంతదాకా ఇక్కడ డిస్కులో ఇసుమంత చోటు కూడా తీసుకోదు. ఎర్రగీత పోయింది. ఈ సంగతి అన్నయ్యని కూర్చోబెట్టి చెప్పింది కూడా. మబ్బు గుర్తున్నవి ముట్టుకోవద్దంది. ఇక్కడ తీసేస్తే పైన కూడా పోతాయంది. చెత్తబుట్టలో వేసినవి కూడా చోటు తింటూనే ఉంటాయి కాబట్టి నీ పాత బొమ్మలు తీసి, ఆ బుట్ట ఖాళీ చేసుకోమంది. అన్నయ్య ఊఁ కొడుతూ తన టీ కప్పు ఫోటో తీసుకున్నాడు. చెప్పినవాటిలో అతని చెవికెక్కింది ఒక్కటే, చెత్తబుట్ట చోటు తింటుందని.

కొన్ని నెలలు నడిచింది. ఆలోగా వేలంపాటాయనకి ఆపరేషన్ చేసి ఆ సగం దవడ తీసేశారు, గాయం మానుతోంది. సంఘానికి అన్నయ్య అధ్యక్షుడయ్యాడు. ప్రమాణ స్వీకారాన్ని మూడు కెమెరాలతో తీయించి, ఆ వీడియోలన్నీ ఖాతాలో పడేశాడు. దవడలమ్మ స్కానర్ పట్టుకుని దూరపు ఆస్పత్రికి వెళ్ళిన రోజున డిస్కు మళ్ళీ నిండి, పన్ను కోసే మిషన్ మధ్యలో ఆగిపోయింది. అన్నయ్య ఫోన్ చేసి అడిగితే ఆమె చెప్పేది. చేయలేదు. తనే చూసుకోగలడట.

సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి అన్నయ్య ఆమె కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు, మొహం వెలిగిపోతోంది.

“చూశావా? నువ్వు లేకపోతే ల్యాబు ఆగిపోతుందనుకున్నావు. మొత్తం క్లీన్ చేసేశా.”

“ఏం క్లీన్ చేశావు?”

“ఒక్కో ఫోల్డరు ఎంత చోటు తింటోందో వరసపెట్టి చూశా. నీ పాత కేసులున్నాయి చూడు, అన్నీ ఉత్త డొల్లలే! లోపల ఏమీ లేదు, సున్నా. పేర్లు మాత్రం బారెడు. ఖాళీ డబ్బాలు దాచుకున్నట్టు దాచావేంటే? అన్నీ తీసేశా. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశా. పైన క్లౌడ్లో ఉన్న బుట్ట కూడా. నువ్వే చెప్పావుగా.”

దవడలమ్మ స్కానర్ బల్లమీద పెట్టి ముందుకి వంగింది. తెరమీదకి చూసింది. ఎర్రగీత అలాగే ఉంది. చోటే పట్టనివాటిని తీసేస్తే చోటు ఎక్కణ్ణించి వస్తుంది? ‘భద్రం’ ఉంది. ‘భద్రం కొత్తది’ ఉంది. ‘భద్రం అసలుది’ ఉంది. బొటనవేలు ఉంది. వేలంపాటాయన పేరు లేదు.

“అన్ని చోట్లా పోతాయి, సరేనా అని కంప్యూటర్ అడిగి ఉంటుందే!”

“అడిగింది. అవునన్నా.”

ఆ రాత్రి నుంచి ఆమె ఎక్కని గుమ్మం లేదు. క్లౌడ్ కంపెనీకి ఫోన్ చేస్తే తేనెలాంటి గొంతు ఒకటి, మీరే తీసేశారు, మీరే ఖాళీ చేశారు, తెచ్చివ్వడం కుదరదు అంది. స్కానర్లో వెతికింది. అందులో పాతవాటిమీద కొత్తవి ఎప్పుడో పడిపోయాయి. ఆస్పత్రిలో ఎముకకి తీసిన స్కానింగ్ ఉంది గానీ, ఆయన నోట్లోని పాత వెండి ఫిల్లింగుల మెరుపుకి పళ్ళన్నీ పొగలో ఉన్నట్టున్నాయి. ఎముక ఎక్కడుండేదో తెలుస్తుంది. మాట ఎక్కడుండేదో తెలియదు.

ఆఖరికి ఆమె చేయనని ఒట్టేసుకున్న పని చేసింది. ‘అన్నయ్య ఫోన్’ తెరిచింది. ఆ రోజు వేలంపాటాయన ల్యాబుకి వచ్చినప్పుడు అన్నయ్య వీడియో తీశాడు కదా, అందులో ఆయన మాట్లాడుతూ ఎక్కడైనా దొరికితే, పళ్ళు కలిసే తీరు పూర్తిగా కాకపోయినా కొంతైనా పట్టుకోవచ్చు. మురుగుకాలవలో ఉంగరం వెతికినట్టు వెతికింది. పళ్ళేలు దాటింది, పొట్టలు దాటింది, గోళ్ళు దాటింది. ఎంగిలి వేళ్ళతో తీసిన ఫోటోలు, జిడ్డు మరకలతో సహా. ఒక మనిషి తనని తాను ఇంతగా ఎలా ముద్దుచేసుకోగలడు? పక్కనే ఉన్న బాబాయ్ “లే అమ్మడూ, కాసేపు గాలికి తిరిగిరా” అన్నా లేవలేదు.

దొరికింది. వీడియో నిండా అన్నయ్య మొహమే. ‘మా ల్యాబు చేస్తున్న సేవ’ అని మొదలుపెట్టాడు. అతని బుగ్గ వెనకాల వేలంపాటాయన. నుదురు కనబడుతుంది, కళ్ళు కనబడతాయి, గాలిలో లేచిన చెయ్యి కనబడుతుంది. గొంతు కూడా వినబడుతుంది, ఆ మూలనుంచి ఈ మూలకి ఖంగున. నోరున్న చోట అన్నయ్య చెవి. ఆయన పక్కకి జరిగినప్పుడల్లా అన్నయ్య కూడా తన మొహం మధ్యలోకి వచ్చేట్టు ఫోన్ జరుపుకున్నాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం నోరు బయటపడబోయింది. అప్పుడు అన్నయ్య జుట్టు సవరించుకున్నాడు. ఆ చెయ్యి అడ్డం వచ్చింది.

దవడలమ్మ వీడియో ఆపి, పంపు దగ్గరికెళ్ళి, మోచేతులదాకా సబ్బుతో కడుక్కుంది.

మర్నాడు అన్నయ్య తన పరిష్కారంతో వచ్చాడు. మొహం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది.

“ఎందుకే అంత రాద్ధాంతం? వేరే ఎవరిదైనా దవడ తీసి అతికించెయ్. నోరు నోరే. ఆయనకేం తెలుస్తుంది? అయినా మొన్న ఆస్పత్రిలో చూశా ఆయన్ని. చొంగ కారుతోంది, ఛీ. నేను పక్కకి జరిగిపోయా. ఆ మనిషి ఇంకా వేలం ఏం పాడతాడు గానీ, నువ్వు మాత్రం ఆయన దగ్గర ఏమీ వాగకు. ల్యాబు పరువు. నిన్ను నిలబెట్టిన ల్యాబు.”

ఇంతకాలం అతని ఫోటోలమీద కలిగిన రోత చిన్నదని దవడలమ్మకి అప్పుడు తెలిసింది. మనిషిమీదే కలిగితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆమె, ఆయన నోట్లో మిగిలిన ఎడమ సగాన్ని డాక్టరు చేత కొత్తగా స్కాన్ చేయించి, తెరమీద అద్దంలో తిప్పినట్టు కుడికి తిప్పి, పొగలాంటి ఆ ఎముక స్కానింగ్‌మీద ఆనించి, ఒక దవడ దిద్దుతూ కూర్చుంది. పళ్ళు వరసగానే వచ్చాయి. కానీ మనిషి నోరు రెండు పక్కలా ఒకేలా ఉండదు. ఆమె దిద్దుతున్నది ఆయన పళ్ళని కాదు, ఆయన చుట్టం ఎవరివో.

వేలంపాటాయన భార్యతో వచ్చాడు. చిక్కిపోయాడు. కుడిబుగ్గ లోపలికి కుంగింది, గడ్డం పక్కకి లాగింది. పెదవి మూసుకోదు, చేతిలో రుమాలు ఉంది. ఆయన ఏదో అంటే తడిగా ఒక శబ్దం వస్తుంది. భార్య అలవాటుపడిపోయినట్టుంది, వెంటనే మాటల్లో పెడుతుంది.

“నా పళ్ళు బాగున్నాయా అని అడుగుతున్నాడమ్మా” అంది నవ్వుతూ.

అన్నయ్య తన కుర్చీని కాస్త దూరంగా జరుపుకుని, గొంతు సవరించుకున్నాడు. నీళ్ళు నమిలాడు. “చిన్న సాంకేతిక సమస్యండీ. కంప్యూటర్లో చోటు చాలక, ఆటోమేటిగ్గా కొన్ని ఫైళ్ళు... మా చెల్లి కొత్తది చేస్తోంది. అచ్చం మీదిలాగే ఉంటుంది, తేడా కనబడదు.”

భార్య మొహంలో నవ్వు ఆగిపోయింది. అన్నయ్యని కాదు, దవడలమ్మని చూసింది.

“పోయిందా అమ్మా?”

“పోయిందమ్మా. ఎడమ పక్కది చూసి కుడిది కడుతున్నాను. నమలడానికి పనికొస్తుంది. మాట మాత్రం మునుపటిలా రాదు.”

“చెల్లీ!” అన్నాడు అన్నయ్య.

ఆవిడ చేతుల్లోకి చూసుకుంది. మనసులో ఏదో లెక్క తేలక, తప్పు తమదేనేమో అన్నట్టు మెల్లిగా అడిగింది. “చోటు చాల్లేదన్నారు కదా. మా ఆయన నోరు మరీ అంత చోటు తినేసిందా?”

“లేదమ్మా” అంది దవడలమ్మ. “అసలేమీ తినలేదు. సున్నా. చోటు పట్టదు కాబట్టి అందులో ఏమీ లేదనుకుని తీసేశాడు మా అన్నయ్య.”

బాబాయ్ చేతిలో కుంచె ఆగిపోయింది. వేలంపాటాయన రుమాలు తీసి పెదవి తుడుచుకున్నాడు. అన్నయ్యవైపు తిరిగి, నిదానంగా, పొడుగ్గా ఒక మాట అన్నాడు. గదిలో భార్యకి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. అన్నయ్య మొహం చిట్లించి వెనక్కి వాలాడు.

“ఏమంటున్నారు?” అని అడిగాడు ఆవిడని.

“మరి ఏది ఉంచుకున్నారో చూపించమంటున్నాడు.”

“చెల్లీ, వద్దు” అన్నాడు అన్నయ్య, లేవబోతూ.

దవడలమ్మ ‘అన్నయ్య ఫోన్’ తెరిచి, తెరని వేలంపాటాయనవైపు తిప్పింది.